చింతచెట్టు, గబ్బిలాలు, కరోనా భయం: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం సాయంత్రం కొందరు పెద్దలు మన పాఠశాల ఆవరణలోకి వచ్చి, వంటగది వెనుక చింతచెట్టు మీద ఉన్న గబ్బిలాలను తరిమేందుకు టపాకాయలు కాల్చిన సంగతి ఈపాటికి అందరికీ తెలిసినదే. గబ్బిలాల వల్లే కరోనా వచ్చిందన్న సందేశం ఫోన్లలో తిరిగిన తరువాత, ఆ చెట్టును కొట్టించాలని కోరుతూ నాకొక వినతిపత్రం కూడా అందింది. సంతకాలు చేసినవారి ఆందోళన పిల్లల మీది ప్రేమతో పుట్టినదేనని నాకు తెలుసు. అయినా ఆ చెట్టును కొట్టించేందుకు నేను అంగీకరించను.

జంతువుల నుంచి కరోనా వైరస్‌లు మనుషులకు సోకుతాయన్నది నిజం. 2002 చివరిలో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైన సార్స్ అనే శ్వాసకోశ వ్యాధికి కారణమైన కరోనా వైరస్, ప్రాణమున్న జంతువులను అమ్మే అంగళ్లలోని పునుగు పిల్లులలో బయటపడింది. దాని అసలు మూలం గుర్రపు లాడం ఆకారపు ముక్కు గల చిన్న గబ్బిలాలని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. కోవిడ్ వైరస్‌కు అతి దగ్గరి బంధువులైన వైరస్‌లు కూడా ఆ జాతిలోనే దొరికాయి గాని, అది ఏ దారిన మనిషిని చేరిందన్న విషయంలో శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఆ లాడపు ముక్కు గబ్బిలాలు పురుగులను తినేవి. మన చెట్టుకు వేలాడేవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి పరిశోధకులు మన దేశపు పండ్ల గబ్బిలాలలోనూ కొన్ని కరోనా వైరస్‌లను కనుగొన్న మాట వాస్తవమే. అయితే అవి కోవిడ్ వైరస్ కావు.

ఒక జంతువులో వైరస్ ఉండటం వేరు, అది మనిషికి అంటుకోవడం వేరు. అంటుకోవడానికి చాలా దగ్గరి సంబంధం కావాలి. డెన్మార్క్‌లో బొచ్చు కోసం కిక్కిరిసిన బోనులలో పెంచిన మింక్‌లనే ముంగిస లాంటి చిన్న జంతువులకు మొదట మనుషులే కోవిడ్ అంటించారు. తిరిగి వాటి నుంచి మనుషులకు సోకడంతో 2020 నవంబరులో కోటిన్నరకు పైగా మింక్‌లను చంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. థాయిలాండ్‌లో కోవిడ్ సోకిన ఒక పిల్లి ముక్కు నుంచి నమూనా తీస్తుండగా అది ముఖం మీద తుమ్మడంతో పశువైద్యురాలికి వ్యాధి వచ్చింది.

మన ప్రాంతానికి నిజంగా సంబంధమున్నది మెర్స్. 2012లో సౌదీ అరేబియాలో గుర్తించిన ఈ కరోనా వైరస్ ఒంటి మూపురపు ఒంటెల నుంచి మనుషులకు సోకుతుంది. నమోదైన సుమారు 2,600 మందిలో 900 మందికి పైగా మరణించారు. గల్ఫ్‌కు వెళ్లి ఒంటెలు కాసే తండ్రులు మనలోనూ ఉన్నారు గనుక, తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె ఈ విషయంపై గోడపత్రిక తయారుచేసి, తన తండ్రికి ఫోన్ చేసి "నాన్నా, ఒంటె పాలు కాచకుండా తాగొద్దు, వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కో" అని చెప్పి, ఆయన చేత మాట తీసుకున్నది. ఆ పాపను చూస్తే నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని 8 సింహాలకు కోవిడ్ సోకినట్టు అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నిర్ధారించిన సంగతి చదివి, "వాటికి ఎవరు అంటించారు టీచర్?" అని అడిగిన ఆరో తరగతి బాబు ప్రశ్న, పెద్దలమైన మనం కూడా వేసుకోవలసినది.

ఇక చెట్టు సంగతి. ఆ చింతచెట్టు ఈ పాఠశాల కంటే పాతది. ఇప్పపూలకు పరాగం చేర్చేవి, మర్రి, రావి గింజలను ఊరూరా చల్లేవి ఈ గబ్బిలాలే. మనం వాటి జోలికి పోనంత కాలం అవి మన జోలికి రావు. రాళ్లు, టపాకాయలతో చెదరగొడితే బెదిరిన పిల్ల గబ్బిలాలు నేల రాలుతాయి, వాటిని పట్టుకునేది మన పిల్లలే. మీరు తప్పించాలనుకున్న దగ్గరి సంబంధం అలా మీ చేతులతోనే ఏర్పడుతుంది. చెట్టు కింద రెట్ట పడుతుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది కనుక, సోమవారం నుంచి పిల్లల భోజనం వరండాలోకి మార్చాం, చెట్టు చుట్టూ కంచె వేయిస్తున్నాం.

ఇంతటి జాగ్రత్త గల తల్లిదండ్రులను కొన్ని విషయాలు సవినయంగా అడగదలచాను. ఉదయం జ్వరం బిళ్ల వేసి, దగ్గుతున్న బిడ్డను బడికి పంపడం ఎందుకు? కుక్కపిల్లను ముద్దాడిన చేతులతోనే పిల్లలు అన్నం కలుపుకుంటుంటే ఇంట్లో ఎవరూ చూడరా? చిలక కొట్టిన పండు తియ్యనని, ఏది కొరికిందో తెలియని జామపండ్లను డబ్బాల్లో పెట్టి పంపేవారు దయచేసి ఆ అలవాటు మానుకోవాలి. నిజానిజాలు తెలియని సందేశాన్ని పదిమందికి పంపే ముందు మా జీవశాస్త్ర ఉపాధ్యాయురాలిని ఒక్క మాట అడిగితే సంతోషిస్తాం.

పరీక్షల తేదీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి. చెట్టు విషయమై ఇంకా సందేహాలున్నవారు వచ్చే శనివారం బడి వదిలాక నా గదికి రావచ్చు. గోడపత్రిక తయారుచేసిన విద్యార్థిని కూడా అక్కడ ఉండి జవాబులు చెబుతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు