టెర్మినల్ మూసినా జావా హోమ్ పోకుండా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. టెర్మినల్‌లో జావా హోమ్ (జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే వేరియబుల్) పెడితే, జావా ప్రాజెక్టులు కట్టే మేవెన్ బిల్డ్ చక్కగా నడుస్తోంది, విండో మూసి తెరిస్తే మళ్లీ మొదటికొస్తోంది అన్నావు. రోజూ పొద్దున్నే అదే లైను కొట్టుకుంటూ కూర్చోవడం ఎందుకురా? సరైన చోట ఒక్కసారి రాస్తే చాలు. చిక్కంతా ఆ చోటు ఏదన్న దగ్గరే ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు అది ఎందుకు పోతోందో చూడు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చూసుకునే ఒక పేరు, దాని విలువ) ఉండేది నడుస్తున్న ప్రోగ్రాము, అంటే ప్రాసెస్ దగ్గర. ప్రతి ప్రాసెస్‌కీ ఈ వేరియబుల్స్ పట్టీ సొంతంగా ఒకటి ఉంటుంది. అది ఇంకో ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు ఆ పట్టీకి నకలు తీసి పిల్ల ప్రాసెస్ చేతిలో పెడుతుంది. పిల్ల తన నకలులో ఎన్ని మార్పులు చేసుకున్నా తల్లి పట్టీకి అంటవు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అంతే. షెల్, అంటే టెర్మినల్‌లో నీ కమాండ్లు అందుకునే ప్రోగ్రాము, మూసేస్తే దాని పట్టీ దాంతోనే పోతుంది. ఎక్స్‌పోర్ట్ (వేరియబుల్‌ను పిల్ల ప్రాసెస్‌లకూ అందేలా చేసే కమాండు) లైన్లన్నీ ఒక స్క్రిప్టులో పెట్టి మామూలుగా నడిపినా పని జరగనిది ఇందుకే: స్క్రిప్టు కోసం వేరే షెల్ పుడుతుంది, పని అవగానే పోతుంది. అదే సోర్స్ కమాండుతో చదివిస్తే నీ షెల్‌లోనే నడుస్తుంది.

కాబట్టి మనం చేయాల్సింది, షెల్ లేచిన ప్రతిసారీ చదివే ఫైల్లో ఆ లైను రాయడం. ఉబుంటూ లినక్స్‌లో నీ షెల్ బ్యాష్ అయితే నీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ బ్యాష్‌ఆర్‌సీ అనే ఫైలు (పేరు చుక్కతో మొదలవుతుంది) ఉంటుంది. నానో అనే ఎడిటర్‌తో తెరిచి చివర్న ఎక్స్‌పోర్ట్, ఒక ఖాళీ, జావా అండర్‌స్కోర్ హోమ్ (అన్నీ పెద్దక్షరాలు), =, ఆ వెంటనే జేడీకే (జావా పనిముట్ల కట్ట) ఫోల్డర్ దారి రాయి. = గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు; ఉంటే బ్యాష్ ఒప్పుకోదు. ఎక్స్‌పోర్ట్ మర్చిపోతే, విలువను తెరపై చూపే ఎకో కమాండు కొట్టినప్పుడు విలువ కనిపిస్తుంది గానీ మేవెన్‌కు అందదు. చాలామంది గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. దారి చివర బిన్ ఉండకూడదు, దాని పై ఫోల్డర్ వరకే ఇవ్వాలి. హోమ్ ఫోల్డర్‌ను సూచించే ~ గుర్తును కోట్స్ మధ్య పెడితే అది విస్తరించదు. ఎకోతో ఫైలు చివర లైను చేర్చాలనుకుంటే >> వాడు. పొరపాటున ఒక్క > పెట్టావో, ఫైల్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు ఒక కాపీ తీసుకో.

ఇప్పుడు అసలు తిరకాసు. బ్యాష్ లాగిన్ షెల్‌గా లేస్తే ఒక రకం ఫైళ్లు, మామూలు ఇంటరాక్టివ్ (నువ్వు కమాండ్లు టైపు చేసే) షెల్‌గా లేస్తే ఇంకో రకం చదువుతుంది. డెస్క్‌టాప్‌లో తెరిచే టెర్మినల్ సాధారణంగా రెండోది, అది చదివేది బ్యాష్‌ఆర్‌సీ. ఎస్ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయితే మొదటిది. అది డాట్ బ్యాష్ ప్రొఫైల్, డాట్ బ్యాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ అనే మూడింట్లో ముందు దొరికినదాన్ని మాత్రమే చదివి మిగతావి వదిలేస్తుంది. ఉబుంటూ ఇచ్చే డాట్ ప్రొఫైల్ తనే బ్యాష్‌ఆర్‌సీని పిలుస్తుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. కానీ ఏ ఇన్‌స్టాలరో కొత్తగా డాట్ బ్యాష్ ప్రొఫైల్ సృష్టించిందంటే డాట్ ప్రొఫైల్ మూలన పడుతుంది. "నిన్నటిదాకా పనిచేసింది" అనే కేసుల్లో ముందు వెతకాల్సింది ఈ ఫైలునే. ఇంకొకటి, ఉబుంటూ బ్యాష్‌ఆర్‌సీ మొదట్లోనే ఇంటరాక్టివ్ కాకపోతే వెనుదిరగమనే తనిఖీ ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌తో ఒకే కమాండు పంపితే, కింద రాసిన ఎక్స్‌పోర్ట్‌ల దాకా అది రానే రాదు.

బ్యాష్‌ఆర్‌సీలో రాసినా నడుస్తుంది గానీ, నన్నడిగితే జావా హోమ్ లాంటి వేరియబుల్స్ డాట్ ప్రొఫైల్‌లో, ఏలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లు) బ్యాష్‌ఆర్‌సీలో పెట్టు. పాత్‌కు (కమాండ్లను వెతకాల్సిన ఫోల్డర్ల పట్టీ ఉండే వేరియబుల్) ముక్కలు చేర్చే లైన్లు బ్యాష్‌ఆర్‌సీలో ఉంటే షెల్ లోపల షెల్ తెరిచిన కొద్దీ అవే ముక్కలు మళ్లీ మళ్లీ అతుక్కుంటూ పోతాయి. డాట్ ప్రొఫైల్‌ను చదివేది లాగిన్ అయ్యేటప్పుడే కాబట్టి, మార్చాక ఒకసారి లాగౌట్ అయి రా. మాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్, అక్కడ డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీలో రాస్తే సరిపోతుంది.

యూజర్లందరికీ కావాలంటే ఈటీసీ ఫోల్డర్‌లోని ఎన్విరాన్‌మెంట్ అనే ఫైలు ఉంది. అది స్క్రిప్టు కాదురా, జాగ్రత్త. పేరు, =, విలువ అంతే. డాలర్ గుర్తు పెట్టి పాత్ అని రాస్తే, పాత విలువగా విస్తరించకుండా ఆ అక్షరాలే విలువైపోతాయి. అప్పుడు లాగిన్ అయ్యాక ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు కూడా దొరకదు. అలా జరిగితే కంగారుపడకు, సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండు), నానోలను యూఎస్ఆర్ బిన్ నుంచి పూర్తి దారితో పిలిచి సరిచేసుకో.

వేళకు పనులు నడిపే క్రాన్ నీ ప్రొఫైల్‌ను చదవదు, కావలసినవి ఆ పనుల జాబితా అయిన క్రాన్‌టాబ్‌లోనే పైన రాయాలి. సుడో కూడా చాలా వేరియబుల్స్‌ను తుడిచేసి మొదలుపెడుతుంది. వెనకాల నడిచే సిస్టమ్‌డీ సర్వీసుకైతే, దాని సెట్టింగులుండే యూనిట్ ఫైల్లోనే ఇవ్వాలి.

ఆఫీసు విండోస్ మెషీన్ గురించీ అడిగావు. అక్కడ సెట్ అనే కమాండు ఆ విండో వరకే. సెట్‌ఎక్స్ అయితే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రాస్తుంది, కానీ అప్పటికే తెరిచి ఉన్న విండోలకు తెలియదు, కొత్తది తెరవాలి. ఎడిటర్ లోపలి టెర్మినల్ వాడుతుంటే ఎడిటర్‌నే పూర్తిగా మూసి తెరవాలి, ఎందుకంటే ఆ టెర్మినల్‌కు తల్లి అదే. జావా హోమ్‌కు సెట్‌ఎక్స్ బాగానే ఉంటుంది. పాత్‌ను మాత్రం దాంతో అస్సలు మార్చకు. అది 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పైగా రెండు పర్సెంట్ గుర్తుల మధ్య పాత్ అని ఇస్తే సిస్టమ్ పాత్, నీ పాత్ రెండూ కలిపి నీ ఖాతాలో గుమ్మరిస్తుంది. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని వెతికితే వచ్చే డైలాగులోనే మార్చు.

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్‌లు) మాత్రం ఈ ఫైళ్లలో పెట్టకు. ఇలాంటి డాట్‌ఫైళ్లను గిట్‌లో పెట్టి పంచుకునే అలవాటు నీకుంది కాబట్టి చెబుతున్నా. వాటికి వేరే ఫైలు పెట్టుకుని, నువ్వు తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 ఇచ్చి, అవసరమైనప్పుడు సోర్స్ చేసుకో.

ఈ రాత్రికి డాట్ ప్రొఫైల్‌లో రాసి, లాగౌట్ అయి వచ్చి, కొత్త టెర్మినల్‌లో ప్రింట్‌ఎన్వ్, ఒక ఖాళీ, జావా అండర్‌స్కోర్ హోమ్ (పెద్దక్షరాల్లో) అని కొట్టి చూడు. ఎకో వద్దు, ఎక్స్‌పోర్ట్ అయినదాన్నే ప్రింట్‌ఎన్వ్ చూపిస్తుంది. ఖాళీగా వస్తే హోమ్‌లో ఎల్‌ఎస్ మైనస్ ఏ కొట్టి, ఆ మూడు ప్రొఫైళ్లలో ఏవేవి ఉన్నాయో రాయి.

నీ
రవి