బొగ్గు గనుల్లోకి దిగిన స్త్రీలకు చరిత్ర పాఠంలో చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

రెండవ ప్రపంచ యుద్ధం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం సైనికుల సంఖ్యతో, యుద్ధరంగాల పేర్లతో సరిపెడుతున్నాం. ఆ యుద్ధకాలంలో రైళ్లూ కర్మాగారాలూ ఆగకుండా నడవడానికి ఝరియా (నేటి జార్ఖండ్), రాణిగంజ్ (నేటి పశ్చిమ బెంగాల్) గనుల్లో బొగ్గు మోసిన స్త్రీలను మాత్రం తలచుకోవడం లేదు.

స్త్రీలు భూగర్భంలో పనిచేయడాన్ని మన దేశంలో 1937 నాటికే పూర్తిగా నిషేధించారు. ఇదే నిషేధాన్ని కోరే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందానికి కూడా భారత ప్రభుత్వం అంగీకారం తెలిపింది. అయినా 1943లో, కూలీలు ఎక్కువ కూలి దొరికే సైనిక నిర్మాణాల వైపు వెళ్లిపోయి బొగ్గు ఉత్పత్తి పడిపోయినప్పుడు, ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ‘కామిన్లు’గా పిలిచే ఆ స్త్రీలలో చాలామంది సంతాల్, బౌరీ వంటి సముదాయాల పేద కుటుంబాలవారు. మగవాళ్లు తవ్విన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో, అంటే గనిలో బొగ్గు తరలించే చిన్న బండ్లలో, నింపే పని వాళ్లది. అఖిల భారత మహిళా సభ ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీనిపై చర్చ జరిగినప్పుడు, కార్మిక శాఖ చూస్తున్న అంబేద్కర్ ఇది అత్యవసర ఏర్పాటు మాత్రమేనని సమర్థించుకుంటూ, ఒకే పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం అనే సూత్రం ఏ పరిశ్రమలోనైనా నెలకొనడం బహుశా ఇదే మొదటిసారి అన్నారు. ఆ సూత్రం విలువైనదే. కానీ ప్రమాదకరమని చట్టమే ఒప్పుకున్న చోటికి ఆకలితో ఉన్న స్త్రీలను తిరిగి దించడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. యుద్ధం ముగిశాక, 1946 ఫిబ్రవరిలో, నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది. అవసరం ఉన్నంతకాలం దించి, తీరగానే పైకి పంపేశారు.

2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలలోని స్త్రీలను పగటివేళ భూగర్భ గనుల్లోకి అనుమతించినప్పుడు, ఆడవాళ్లు గనిలోకి దిగడం అదే మొదలన్నట్టు సింగరేణి ప్రాంతంలో మాలో చాలామందిమి మాట్లాడుకున్నాం. ఆ కామిన్ల గురించి మాకెవరూ చెప్పకపోవడమే అందుకు కారణం.

తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలను సవరించే నిపుణులు యుద్ధం పాఠంలో వీరి శ్రమను, వీరి కోసం జరిగిన శాసనసభ చర్చను చేర్చాలని, ఆ చర్చ తెలుగు అనువాదాన్ని పై తరగతుల పిల్లల చేత చదివించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కొత్తగూడెం