దసరా పాలిష్ ఆర్డర్లు: పేపర్ మీరు కొట్టండి, బఫ్ మేం కొడతాం

అన్నలకు, తమ్ముళ్లకు, మా షెడ్డును నమ్మి ఇంజిన్ పార్టులు పంపే అందరికీ నమస్తే. దసరా దగ్గర పడుతోంది. బండి పూజ నాడు బానెట్ ఎత్తితే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) తళతళలాడాలని అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఆర్డర్లు రాసుకునే ముందు ఈసారి మా పద్ధతిలో ఏం మారిందో చెప్పేస్తాను.

ముందు రేటు. పెయింట్ తీయడం నుంచి అద్దం మెరుపు దాకా అంతా మేమే చేస్తే నాలుగు సిలిండర్ల కారు ట్యాపెట్ కవర్‌కి 3,800 రూపాయలు. మీరు ఇంట్లో 800 నంబర్ దాకా పేపర్ కొట్టి (గరుకు కాగితంతో రుద్ది) తెస్తే బఫింగ్‌కి, అంటే తిరిగే గుడ్డ చక్రం మీద మెరుపు తేవడానికి, 1,200. "గింత తేడా ఏందన్నా, మిషన్ మీద పెట్టుడే కదా" అంటున్నారు. మిషన్ మీద పని గంట, గంటన్నర. దానికి ముందు చేత్తో రుద్దడానికి ఒక మనిషికి రోజు గడిచిపోతుంది. మీరిచ్చే పైసల్లో ఎక్కువ భాగం ఆ చేతికే. ఆ పనికి విద్య అక్కర్లేదు, ఓపిక కావాలి. నా గిరాకీ నేనే తగ్గించుకుంటున్నానని అనుకోకండి. ఇద్దరం పనిచేసే షెడ్డు ఇది. రుద్దుడంతా మేమే పెట్టుకుంటే ఒప్పుకున్నవాటిలో సగం పండగ దాటాక చేతికొస్తాయి, అప్పుడు మీకూ నాకూ లొల్లి.

ఇంట్లో మొదలుపెట్టే ముందు అది ఏ లోహమో చూసుకోండి. ఇప్పటి కార్లలో చాలావాటికి ట్యాపెట్ కవర్ ప్లాస్టిక్కే, దానికి మన పనే లేదు. పాత కార్లకు అల్యూమినియం ఉంటుంది. కొన్ని ఇంజిన్లకు మెగ్నీషియం కవర్లు కూడా వచ్చాయి. రెండూ తెల్లగా, తేలిగ్గా ఉంటాయి కాబట్టి చూపుకి దొరకవు. కనపడని మూల కొంచెం గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. బుసబుసమని బుడగలు లేస్తే మెగ్నీషియం. దాన్ని మీరు రుద్దొద్దు, నా దగ్గరికీ తేవద్దు. రుద్దితే రాలే పొడి అంటుకుంటే ఆర్పడం మనవల్ల అయ్యే పని కాదు.

పెయింట్ తీయడానికి పెయింట్ రిమూవర్ చాలు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట చేయండి. కాస్టిక్ సోడాలో నానబెడితే చిటికెలో పోతుందని వీడియోల్లో చూసి కొందరు అదే చేస్తున్నారు. పెయింట్ పోయే మాట నిజమే, దాంతోపాటు అల్యూమినియం కూడా కరుగుతుంది. నీళ్లలో బుడబుడా పొంగేది హైడ్రోజన్ గ్యాస్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. బాత్రూం కడిగే యాసిడ్ కూడా లోహాన్ని తిని మచ్చలు పెడుతుంది. ఇనుప వైరు బ్రష్ కూడా వద్దు, అది వేసిన గీతలు తీయడానికే సగం పేపర్ ఖర్చవుతుంది.

ఇక పేపర్. ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా వేసే గ్యాస్కెట్) కూర్చునే అంచుకి ముందే మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేయండి. ఆ అంచు మెరవాల్సిన పని లేదు, సాపుగా ఉండాలి. రుద్ది వంకర చేస్తే ఆయిల్ కారుతుంది. పేపర్ నంబర్ పెరిగేకొద్దీ నున్నన అవుతుంది. పోత గరుకు, అచ్చు కలిసిన చోట లేచిన గీత పోవాలంటే 120తో మొదలుపెట్టి 220, 400, 600, 800 వరసలో వెళ్లండి. 220 నుంచి వాటర్ పేపర్ తీసుకుని, బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసుకుని తడిపి రుద్దండి. అల్యూమినియం మెత్తటి లోహం. పొడిగా రుద్దితే పేపర్ సందుల్లో నిండి గడ్డకడుతుంది, ఆ గడ్డలే మళ్లీ కొత్త గీతలు పెడతాయి. వేళ్లతో అదిమి రుద్దితే వేళ్ల కింద పల్లం, మధ్యలో మిట్ట పడుతుంది. మెరుపు రాకముందు తెలియదు, వచ్చాక అలలు అలలుగా కనిపిస్తుంది. పాత హవాయి చెప్పు కోసి ఆ ముక్కకి పేపర్ చుట్టుకోండి. మా షెడ్డులో ఇప్పటికీ అదే వాడతాం.

అసలు కిటుకు దిక్కు మార్చడంలో ఉంది. 120 నిలువుగా కొడితే 220 అడ్డంగా, 400 మళ్లీ నిలువుగా. అడ్డం పేపర్ కొట్టేటప్పుడు నిలువు గీత ఒక్కటి కూడా మిగలకూడదు, అప్పుడే తర్వాతి నంబర్ ముట్టుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద తేటగా కనబడి మోసం చేస్తుంది. కడిగి, ఆరబెట్టి, ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూస్తే 800 నున్నదనం కింద 120 గీతలు వరసగా దొరుకుతాయి. అనుమానమున్న చోట మార్కర్ పెన్‌తో రాసి మళ్లీ రుద్దండి. ఇంకు పోని చోట పల్లం ఉన్నట్టే, అక్కడికి పేపర్ అందలేదు. మన కరీంనగర్ గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రాయికి మెరుపు తెచ్చేదీ ఇట్లనే, ముతక రాయి నుంచి నున్న రాయి దాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా. 120 నుంచి నేరుగా 800కి దూకి తెచ్చిన కవర్లు నా బల్ల మీదికి చాలానే వస్తాయి. బఫ్ వీల్ అంత లోతు గీతని తీయలేదు, దాని అంచులు గుండ్రంగా చేసి ఇంకా మెరిపిస్తుంది. అలాంటివి తిరిగి ఇచ్చేస్తాను, లేదా పూర్తి రేటు తీసుకుని మళ్లీ మొదట్నుంచి కొడతాను.

"అద్దం లెక్క మెరవాలె, క్రోమ్ లెక్క ఉండాలె" అనే మాటకి నిజమైన జవాబు ఇది. ఇంజిన్ పార్టులు చాలావరకు పోతపోసినవి. ఏడీసీ12 అనే డై కాస్టింగ్ రకంలో సిలికాన్ ఒక్కటే 9.6 నుంచి 12 శాతం ఉంటుంది. అందుకే ఎంత పాలిష్ చేసినా కొంచెం బూడిద నీడ ఉంటుంది. పోతలో గాలి చిక్కిన చోట్ల సూదిమొన అంత రంధ్రాలు కూడా ఉంటాయి. పైపొర గట్టిగా ఉంటుంది, అది అరిగేకొద్దీ అవి బయటపడతాయి. వాటిని వెంటాడుతూ రుద్దితే ఇంకా వస్తాయి. ఆపడమే మంచిది.

డ్రిల్ మిషన్‌కి చిన్న బఫ్ తగిలించి ఇంట్లోనే పూర్తి చేస్తామనేవాళ్లు చేసుకోండి, నాకేం బాధ లేదు. వీల్ పార్టు అంచు దాటి జారిపోయేటట్టు పట్టుకోవాలి. అంచు వీల్‌కి ఎదురు పడితే చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. కండువా, వదులు చేతుల చొక్కా వద్దు. పార్టు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ఆపండి. ఇనుము రుద్దే గ్రైండర్ పక్కన అల్యూమినియం పొడి పేరుకోనివ్వొద్దు, ఈ మాట గట్టిగా పట్టుకోండి. రైలు పట్టాలు అతికే థర్మిట్ వెల్డింగ్ కాజీపేట వైపు చూసినవాళ్లకి సంగతి తెలుసు. అక్కడ అంత వేడి పుట్టించేది అల్యూమినియం పొడి, తుప్పు లాంటి ఇనుప ఆక్సైడే. మా దగ్గర ఇనుముకి వేరే మోటర్, అల్యూమినియానికి వేరే మోటర్ ఉన్నది ఇందుకే. పొడి అంటుకుంటే నీళ్లు పోయకండి, పొడి ఇసుక కప్పాలి.

మెటల్ పాలిష్ పెట్టి గుడ్డతో ఎంత తుడిచినా నల్లగానే వస్తుందని అడుగుతారు. అది మురికి కాదు, అరిగొచ్చే లోహమే. మీరు రుద్దినంత సేపూ వస్తుంది. చివర్లో కొంచెం మైదా చల్లి పొడి గుడ్డతో తుడిస్తే జిడ్డు, నలుపు పోతాయి. బిగించే ముందు సబ్బు వేసిన వేడినీళ్లలో బ్రష్‌తో లోపలా బయటా కడిగి గాలి కొట్టండి. ట్యాపెట్ కవర్ లోపల రేకు బిగించి ఉంటే దాని వెనకాల పేపర్ ఇసుక దాక్కుంటుంది. అది ఆయిల్‌లో కలిసి బేరింగులకి చేరితే పాలిష్ ఖర్చు కాదు, ఇంజిన్ ఖర్చు.

కొన్ని పనులు ఇక ఒప్పుకోను. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాలు) బయట చేస్తాను, లోపల అద్దంలా చేయమంటే చేయను. కార్బరేటర్ బండికి లోపలి గోడ మరీ నున్నగా ఉంటే పెట్రోల్ గోడకి తడిగా అంటుకుంటుంది, పికప్ పెరగదు. థ్రాటిల్ బాడీ (ఆ గాలిని అదుపు చేసే భాగం) లోపల చాలావాటికి కోటింగ్ ఉంటుంది, దాన్ని ముట్టుకోను. ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసే భాగం) విప్పకుండా తెస్తే తీసుకోను. మెరుపుతో మైలేజీ పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి, ఇది కంటికి ఆనందం, అంతే.

ఆ మెరుపు కూడా శాశ్వతం కాదు. గాలి తగిలిన క్షణం నుంచే అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది, అదే దానికి రక్ష కూడా. మన వానాకాలపు తేమకి, రోడ్డు దుమ్ముకి కొన్ని వారాల్లో మబ్బు పడుతుంది. పైన క్లియర్ కోట్ కొట్టమంటారు. నున్నటి లోహాన్ని అది సరిగ్గా పట్టుకోదు, ఇంజిన్ వేడికి పసుపెక్కి పొట్టు లేస్తుంది. అప్పుడప్పుడు మెటల్ పాలిష్, ఆపైన మైనం, ఇంతకు మించి మందు లేదు. పూజ నాడు మాత్రం జర చూసుకోండి. కుంకుమ నీళ్లు, నిమ్మరసం, కొబ్బరి నీళ్లు మెరుపు మీద పడి ఎండితే మచ్చలు కడతాయి. బొట్టు బానెట్‌కి పెట్టండి, కొబ్బరికాయ టైరు ముందు కొట్టండి. ఇంజిన్ మీద పడితే వెంటనే తడిగుడ్డతో తుడవండి.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి నా చేతికి వచ్చినవే దసరాకి ఇస్తాను. ఆ తర్వాత తెచ్చినవి పండగ అయ్యాకే. బోల్టులు, ప్యాకింగ్, ఆయిల్ మూత విప్పి ఇంట్లోనే పెట్టుకోండి, అవి పోయాయంటే నేను పూచీ కాదు. సగం పైసలు ముందు, మిగతావి పార్టు చూసుకున్నాక. పేపర్ కొట్టి తెచ్చేవాళ్లు కడిగి, ఆరబెట్టి, టార్చ్ వెలుగులో ఒక ఫొటో ముందే వాట్సాప్‌లో పంపండి. ఏ నంబర్ మళ్లీ కొట్టాలో చూసి చెబుతాను, దానికి పైసలు తీసుకోను.