కార్డు కరిగించే ముందు లెక్క చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

హార్త్‌స్టోన్, మ్యాజిక్ అరీనా లాంటి డిజిటల్ కార్డు గేముల్లో డబ్బు పోయనిదే గెలవలేమన్న మాట తరచూ వినపడుతుంది. (పందెం కట్టే పేకాట యాప్‌ల సంగతి వేరు, వాటి జోలికి పోవడం లేదు.) అందులో నిజం సగమే. డబ్బు పెట్టినవాడి దగ్గర పది డెక్‌లు (ఆటకు పేర్చుకున్న కార్డుల కట్టలు) ఉండొచ్చు గానీ, ఒక ఆటలో దించేది ఒక్కటే. ఉచితంగా ఆడేవాళ్లు చతికిలపడేది ఎక్కువగా ఉన్న కాస్త సరుకునీ నాలుగు డెక్‌లకు పంచేయడం వల్ల.

హార్త్‌స్టోన్‌నే తీసుకోండి. కార్డు తయారు చేయాలంటే డస్ట్ (ఉన్న కార్డులు కరిగిస్తే వచ్చే పొడి) కావాలి. అరుదైన కొద్దీ ఖర్చు పెరుగుతుంది: కామన్‌కు 40, రేర్‌కు 100, ఎపిక్‌కు 400, లెజెండరీకి 1600. అదే కార్డును కరిగిస్తే దక్కేది వరసగా 5, 20, 100, 400. లెజెండరీలో పావు వంతు తిరిగొస్తుంది, కామన్‌లో ఎనిమిదో వంతు. ఇప్పుడు అక్కర్లేదనిపించిన కార్డును మొదటి వారంలోనే కరిగించి, నెల తిరక్కుండా దాన్నే మళ్లీ తయారు చేసుకునేవాళ్లు ఎందరో! కరిగించడానికి మంచి సమయం ఒకటుంది. కంపెనీ ఏదైనా కార్డును నెర్ఫ్ చేసినప్పుడు, అంటే దాని బలం తగ్గించినప్పుడు, కొద్ది రోజులపాటు దాన్ని కరిగిస్తే తయారీకి అయ్యేంత పూర్తి డస్ట్ ఇస్తుంది. వాడని కార్డులను అంతదాకా దాచుకోవడమే లాభం.

30 కార్డుల డెక్‌లో 20 కామన్, 8 రేర్, 2 ఎపిక్ అనుకుందాం. ఒక్కో రకానికి 800 చొప్పున మొత్తం 2400 డస్ట్. ఆరు లెజెండరీలున్న డెక్‌కైతే ఆ ఆరింటికే 9600 కావాలి. పైగా మొదటి మూడు నాలుగు టర్నుల్లోనే మీదపడే దూకుడు డెక్‌లో ఒక కార్డు లేకపోతే అదే మానా (కార్డు దించడానికి ఖర్చయ్యే శక్తి) ధరలో, అదే పని చేసే మరో కార్డుతో నెట్టుకురావచ్చు. కొన్ని కార్డులు కలిస్తేనే పనిచేసే కాంబో డెక్‌లో అలా కుదరదు. లేని ఆ ఒక్క కార్డే గెలిపించే కార్డు అయి కూర్చుంటుంది. దూకుడు డెక్‌తో ఆట త్వరగా తేలిపోతుంది కాబట్టి ర్యాంకుల ల్యాడర్ ఎక్కడానికి గంటకు ఎక్కువ ఆటలు పడతాయి కూడా.

ఆడి సంపాదించే గోల్డ్ దగ్గర ఓపిక కావాలి. ప్యాక్ (ఏ కార్డులొస్తాయో తెలియని పొట్లం) ధర 100. ప్రతి కొత్త సెట్‌లో (కొత్తగా వచ్చే కార్డుల విడతలో) మొదటి 10 ప్యాక్‌లలోపు ఒక లెజెండరీ ఖాయం. ఆ తర్వాత అదృష్టం బాగోలేకపోతే 40 ప్యాక్‌ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకని సెట్ విడుదలకు కనీసం 1000 గోల్డ్ చేతిలో ఉంచుకోవాలి. ప్యాక్‌లు తెరిచాక కూడా డస్ట్ ముట్టుకోకుండా ఒకటి రెండు వారాలు ఆగితే ఏ డెక్ నిలబడిందో తెలిసిపోతుంది.

మ్యాజిక్ అరీనాలో డస్ట్ ఉండదు, వైల్డ్‌కార్డులే, అంటే అదే స్థాయిలో కావలసిన కార్డుగా మార్చుకునేవి. కరువంతా రేర్ వైల్డ్‌కార్డులకే. రెండు మూడు రంగుల డెక్ కడితే ల్యాండ్‌లకే (మానా ఇచ్చే కార్డులకే) ఎనిమిదో పన్నెండో రేర్‌లు పోతాయి. ఒకే రంగుతో మొదలుపెడితే మామూలు ల్యాండ్‌లతో సరిపోతుంది, అవి ఉచితం. అప్పటికప్పుడు ప్యాక్‌లలోంచి కార్డులు ఏరుకుని ఆడే క్విక్ డ్రాఫ్ట్‌కు 5000 గోల్డ్, అంటే ఇక్కడి ఐదు ప్యాక్‌ల ఖరీదు. ఒక్క ఆటా గెలవకపోతే తిరిగొచ్చేది 50 జెమ్స్ (డబ్బుతో కూడా కొనుక్కునే ఆట నాణేలు), కనీసం ఒక ప్యాక్. డ్రాఫ్ట్ చేయి తిరిగినవాళ్లు మాత్రం ముందు డ్రాఫ్టులు ఆడి, ప్యాక్‌లు చివర్లో తెరవాలి. నాలుగు కాపీలు నిండిన రేర్ ప్యాక్‌లో మళ్లీ రాదు, కాబట్టి వచ్చే రేర్‌లన్నీ ఇంకా నాలుగు నిండనివే.

రోజువారీ క్వెస్ట్‌లకు (గోల్డ్ ఇచ్చే చిన్న పనులకు) అరీనాలో మూడు దాకా చోటుంటుంది. మూడు రోజులకోసారి కూర్చున్నా ఒక్కటీ పోదు. 500 గోల్డ్ క్వెస్ట్ వస్తే రోజుకోసారి మార్చుకునే వీలుంది, 750ది తగలొచ్చు. రోజులో మొదటి నాలుగు గెలుపులు దాటాక బహుమతి బాగా పలచబడుతుంది. ఆ తర్వాత గోల్డ్ కోసం రాత్రంతా మేలుకోవడం దండగ.

ఇట్లు,
ఒక పాఠకుడు