వేన్నీళ్ల ఖర్చును లెక్క కట్టి కొనాలి

సంపాదకుల వారికి,

చలి మొదలవగానే పత్రికల్లో గీజర్ల ప్రకటనలు, దుకాణాల్లో రాయితీలు జోరందుకుంటాయి. ఎన్ని లీటర్లు, ఎంత ధర, ఎన్నేళ్ల వారంటీ అన్నవి ఆ ప్రకటనల్లో పెద్దక్షరాలతో ఉంటాయి గానీ, ఆ గీజరు పెట్టిన ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు అదనంగా కాలుతాయన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు చూసేవాడిగా ఏటా ఇరుగుపొరుగుకు చెప్పవలసి వస్తున్న ఆ లెక్కనే మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

లీటరు నీటి వేడిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు ఇచ్చేది సుమారు 860 కిలో కేలరీలు. నలుగురున్న ఇంట్లో మనిషికి 20 లీటర్ల బకెట్ చొప్పున, 20 డిగ్రీల దగ్గరున్న ట్యాంకు నీటిని 40 డిగ్రీలకు తేవాలంటే రోజుకు 1,600 కిలో కేలరీలు, అంటే 1.86 యూనిట్లు, నెలకు దాదాపు 56 యూనిట్లు పడతాయి. గీజరు చవకదైనా ఖరీదైనదైనా ఈ అంకె మారదు, ఎందుకంటే కాయిల్‌లోకి వెళ్లిన కరెంటు ఇంచుమించు అంతా వేడిగానే మారుతుంది. కాగిన నీళ్లు గీజరు ట్యాంకులో ఊరికే చల్లారిపోవడం వల్ల కలిగే నష్టంలోనే తేడా ఉంటుంది, నీళ్లను కాచి నిల్వ ఉంచే స్టోరేజీ గీజర్ల మీద ఉండే బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) స్టార్లు చెప్పేది కూడా ఆ నష్టం గురించే. కనుక రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంటికి అయిదు స్టార్ల గీజరు తప్పనిసరి. స్నానానికి అరగంట ముందు వేసి, నీళ్లు కాగగానే ఆపేసే ఇంటికి ఆ స్టార్ల కోసం వేలు అదనంగా పెట్టడం నా దృష్టిలో అంత అవసరం కాదు. అప్పటికప్పుడు నీళ్లు కాచే ఇన్‌స్టంట్ గీజరు కొనేవారు మరో సంగతి గమనించాలి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 20 డిగ్రీల వేడి పెంచి ఇవ్వగలిగేది నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు మాత్రమే, అంటే ఒక బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. వంటింటి సింకుకు అది చాలు గానీ, నలుగురూ ఒకరి వెనుక ఒకరు స్నానాలకు వెళ్లే ఇంటికి చాలదు.

అసలు దెబ్బ తగిలేది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల దగ్గర. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుకునే అర్హులకు సున్నా బిల్లు వస్తోంది. నెలకు 160 యూనిట్లు కాల్చే అలాంటి ఇంటికి గీజరు వల్ల మరో 56 తోడైతే మొత్తం 216 అవుతుంది. 200 దాటగానే ఉచితం పోవడమే కాక, మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆపై యూనిట్లకు రూ.7.70 చొప్పున లెక్క పడి, ఇతర చార్జీలు కాకుండానే బిల్లు రూ.1,100 దాటుతుంది. ఆ ఇంటివారు స్టార్ల సంగతి కన్నా నెలకు ఇంకెన్ని యూనిట్ల వెసులుబాటు మిగిలి ఉందో ముందుగా చూసుకోవాలి.

గ్యాస్ గీజరు నీళ్లను ఇట్టే కాచి ఇస్తుంది, ఖర్చు కూడా సిలిండర్ ధరను బట్టి కరెంటుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. అయితే గాలి ఆడని బాత్రూములో దాన్ని బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు గనుక లోపలున్నవారికి స్పృహ తప్పేదాకా తెలియదు. దాన్ని బాత్రూము బయట, గోడకవతల బిగించే వీలు లేనప్పుడు ఎంత చవగ్గా దొరికినా కొనకపోవడమే మంచిది.

సోలార్ వాటర్ హీటర్ అందరికీ లాభమే అన్న మాటతో నేను ఏకీభవించలేను. వంద లీటర్ల సోలార్ హీటర్‌కు పాతిక వేలు, యూనిట్‌కు రూ.7.70 అనుకుంటే, ఉచిత కరెంటు లేని నలుగురి ఇంటికి చలి నెలల్లో మిగిలేది నెలకు రూ.430. కోస్తాలో చాలా ఇళ్లకు వేన్నీళ్లు కావలసింది మూడు నాలుగు నెలలే; ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు వాటంతట అవే కాగుతాయి. ఏడాదికి రూ.1,700 మిగిలితే పెట్టుబడి తిరిగి రావడానికి పద్నాలుగేళ్ల పైనే పడుతుంది. అదే మదనపల్లె, ఆదిలాబాద్ వంటి చోట్ల గానీ, ముసలివాళ్లు, పసిపిల్లలు ఉండి ఏడాది పొడవునా వేన్నీళ్లు వాడే పెద్ద కుటుంబంలో గానీ ఆ గడువు బాగా తగ్గుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే రాగి గొట్టాల్లో గార పట్టి ఫ్లాట్ ప్లేట్ (పలక) రకం సోలార్ హీటర్ మందగిస్తుంది గనుక, కొనేముందు నీళ్లను పరీక్ష చేయించుకోవాలి. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద మిద్దె మీద కరెంటు పుట్టించే సోలార్ పలకలు పెట్టించుకున్నవారికి నెట్ మీటరింగ్‌లో (పలకలు లైనుకు పంపిన కరెంటును బిల్లులో తగ్గించే పద్ధతిలో) గీజరు యూనిట్లు కూడా సర్దుబాటు అవుతాయి, కాబట్టి వారికి వేరే హీటర్ దండగ.

హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది గనుక మూడో వంతు కరెంటుతోనే పని జరుగుతుంది. ధర గీజరుకు అనేక రెట్లు కాబట్టి ఒక్క కుటుంబానికి గిట్టదు గానీ, హాస్టళ్లు, నర్సింగ్ హోములు, పెద్ద అపార్ట్‌మెంట్లు దీని గురించి తప్పక ఆలోచించాలి.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి మాత్రం సోలార్ హీటర్‌ను ఎంచుకునే అవకాశమే ఉండటం లేదు. అయిదంతస్తుల మిద్దె మీది నుంచి కింది ఫ్లాటుకు ముప్పావు అంగుళం పైపు పదిహేను మీటర్లు దిగితే, వేన్నీళ్లు అందేలోపు నాలుగు లీటర్ల చన్నీళ్లు వదిలేయాలి. పైపుకు తొడుగు లేకపోతే వచ్చేవి కూడా గోరువెచ్చగానే ఉంటాయి. కర్ణాటకలో సోలార్ హీటర్‌ను కొత్త విద్యుత్ కనెక్షన్‌కు షరతుగా పెట్టి, బిల్లులో రాయితీ కూడా ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లోని పురపాలక అధికారులు కనీసం మిద్దె నుంచి ప్రతి ఫ్లాటుకూ తొడుగున్న వేన్నీళ్ల పైపును, మిద్దె మీద దానికి తగిన స్థలాన్ని ప్లానులోనే చూపించమని బిల్డర్లను అడగాలని, నివాస యోగ్యతా పత్రం ఇచ్చేముందు అది నిజంగా వేశారో లేదో తనిఖీ చేయాలని కోరుతున్నాను. కట్టిన గోడలు తొలిచి ఆ పైపు వేయించుకోవాలంటే, సోలార్ వల్ల కొన్నేళ్లలో మిగిలే డబ్బంతా ముందే ఖర్చయిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ