గుడ్డబొమ్మలు ఈ దసరాకూ రావు: మా కొనుగోలుదారులకు వివరణ

పిల్లలు కాగితం మీద గీసిన చిత్రాలను కొండపల్లి కళాకారుల చేత కర్రబొమ్మలుగా చేయించి ఇచ్చే మా చిన్న వ్యాపారంలో ఈ దసరా నాటికి గుడ్డబొమ్మలు కూడా మొదలవుతాయని వేసవిలో మీకు చెప్పాము. అవి మొదలు కావడం లేదు. వచ్చే ఏడాదికైనా వస్తాయని మాట ఇచ్చే స్థితిలో కూడా లేము.

కారణం డబ్బే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి, భద్రతా పరీక్షలు నెగ్గితేనే దక్కే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఒకే నమూనాతో వేల బొమ్మలు కుట్టే కర్మాగారానికి పరీక్షల ఖర్చు వాటన్నిటి మీదా సర్దుకుంటుంది. ఒక్కో బొమ్మ ఒక్కో బిడ్డ చిత్రం నుంచి పుట్టే మా పనిలో ఆ ఖర్చును మీ బిల్లులో వేయడం తప్ప మరో దారి లేదు, అలా వేస్తే ఆ ధరకు మీరే కొనరు. అలాగని ఆ నిబంధనను తప్పుపట్టను. కుట్టు ఊడిన గుండీ కన్ను పసిబిడ్డ గొంతులోకి పోతే ఏమవుతుందో తల్లిగా నాకు తెలుసు.

మరి కర్రబొమ్మల సంగతేమిటని కొందరు న్యాయంగానే అడిగారు. కేంద్రంలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే వస్తువులకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అందుకే బొమ్మ బిల్లు కళాకారుడి పేరనే వస్తుంది, చిత్రాన్ని కొలతలకు మార్చి, పని చూసుకుని, మీకు చేరవేసినందుకు మా రుసుము విడిగా ఉంటుంది. రెండు బిల్లులు చూసి రెండుసార్లు వసూలు చేస్తున్నామని అనుకోవద్దు. మినహాయింపు ఉన్నంత మాత్రాన ఈ బొమ్మలు నోట్లో పెట్టుకోవడానికి పనికివస్తాయని కూడా అనుకోవద్దు. ఇవి అలమరలోనో బొమ్మల కొలువులోనో నిలబెట్టుకునేవి, మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వడానికి మేము ఆర్డరు తీసుకోము.

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన. ఉలి సులువుగా దిగుతుంది కాబట్టే కాగితం మీది వంకర గీత కర్రలోనూ వంకరగానే వస్తుంది. ఏటికొప్పాక పద్ధతిలో ఎందుకు చేయించరని అడిగేవారికి కూడా జవాబు ఇందులోనే ఉంది. అక్కడ అంకుడు కర్రను తిప్పుతూ చెక్కుతారు, ఏ రూపమైనా గుండ్రంగా, అన్ని వైపులా ఒకే తీరుగా వస్తుంది. పిల్లల గీత ఎప్పుడూ అలా ఉండదు.

ఈ పని మా ఇంట్లోనే మొదలైంది. మా అమ్మాయి నాలుగేళ్లప్పుడు గీసిన అమ్మమ్మకు ఒంట్లో తల తప్ప ఏమీ లేదు. తల కిందనుంచే రెండు కాళ్లు, చెవుల దగ్గరనుంచి రెండు చేతులు. ఆ వయసు పిల్లలు చాలామంది మనుషుల్ని ఇలాగే గీస్తారు. కొండపల్లిలో ఆ కాగితం చూసిన పెద్దాయన "మొండెం ఏదమ్మా?" అని పిల్లనే అడిగారు. "చీరలో ఉంది తాతా" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. అంత పెద్ద తల ఆ సన్నటి కాళ్ల మీద ఆగదు కాబట్టి వెనకనుంచి తలను తొలిచి బరువు తగ్గించారు, కాళ్లను విడిగా చెక్కి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, కింద పలచటి పీట పెట్టారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, రంగులు వేశారు. పీట ఒక్కటే పిల్ల గీయనిది.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య వస్తున్న ఆర్డర్లలో చాలావాటికి తల్లిదండ్రుల సవరణలు జతగా వస్తున్నాయి. ఏడు వేళ్లున్న చేతికి ఐదు చాలంటారు, ఊదారంగు ఆవును తెల్లగా చేయమంటారు, తమ్ముడి బొమ్మలో కడుపులోని ఇడ్లీలు కనబడకూడదంటారు. ఇకమీదట అలాంటి సవరణలు తీసుకోము. విరగకుండా నిలబడడానికి కళాకారుడు చేయక తప్పని మార్పు మాత్రమే ఉంటుంది, దాన్ని కూడా ముందుగా ఫోటో పంపి మీ బిడ్డకు చూపించమని అడుగుతాము. చక్కటి ఆవే కావాలంటే కొండపల్లి దుకాణాల్లో మాకన్నా చవకగా, మాకన్నా బాగా దొరుకుతుంది.

గడువు విషయానికి వస్తే, పొణికి కర్రలోని తేమను సన్నటి సెగ మీద లాగేయాలి. వానాకాలంలో అది నిదానిస్తుంది, మక్కూ త్వరగా ఆరదు. తొందరపెట్టి చేయించిన బొమ్మ అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. పైగా కొలువుల కోసం కళాకారులకు సొంత గిరాకీ ఉండే కాలమిది, వారి పనిని పక్కన పెట్టించి మన పని చేయించడం నాకు ఇష్టం లేదు. అందుచేత దసరాకు కావలసినవారు వినాయక చవితి లోపు చిత్రం పంపాలి. తరువాత వచ్చినవి సంక్రాంతి కొలువుకే అందుతాయి. కూలి పెరిగినందువల్ల కర్రబొమ్మ ధర కూడా కొంత పెరుగుతుంది, మా రుసుము మాత్రం మారదు.

పంపేది అసలు చిత్రం ఫోటోనే కావాలి, మీరు దిద్దినది వద్దు. అందులో ఏది ఏమిటో మీ బిడ్డ చెప్పిన మాటల్లోనే రాసి పంపండి.

గుడ్డబొమ్మ కోసం ముందుగా డబ్బు కట్టినవారికి ఈ వారంలోనే పూర్తి మొత్తం తిరిగి జమచేస్తాము. దాన్ని కర్రబొమ్మకు మార్చుకోవాలనుకునేవారు అంతకు ముందే తెలియజేయగలరు.