ఈగలే కదా అని తీసిపారేయకండి

సంపాదకులకు,

పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పరిశోధనలకు ప్రజల డబ్బు తగలెయ్యడం ఎందుకని పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడు అడిగారు. నేను ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. మిగలపండిన అరటిపండు వేసిన హార్లిక్స్ సీసాల్లో ఆ ఈగల్ని పెంచి, వాసనకి స్టాఫ్ రూములో తిట్లు తిన్నవాణ్ణి. ఊరుకోలేక రాస్తున్నాను.

1910లలో న్యూయార్క్‌లో జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ బృందానికి రెక్కల అంచున గాటు ఉన్న ఈగలు కనబడ్డాయి. ఆ జన్యువుకి నాచ్ అని పేరొచ్చింది, అంటే గాటే. 1930ల చివర్లో పౌల్సన్ అనే శాస్త్రవేత్త చూసింది ఇంకా చిత్రం. ఆ జన్యువు బొత్తిగా లేని పిండంలో చర్మం కావాల్సిన కణాలు కూడా నాడీకణాలై కూర్చున్నాయి. పిండం బతకలేదు.

కారణం తర్వాత తెలిసింది. నాడీకణంగా మారబోయే కణం పైన డెల్టా అనే ప్రోటీన్ ఉంటుంది. అది పక్క కణం మీది నాచ్‌ని, అంటే ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ని, పట్టుకుంటే నాచ్ తెగి, లోపలి ముక్క కేంద్రకంలోకి పోతుంది. నువ్వు ఇప్పుడే మారొద్దు, ఆగు అని దానర్థం. కడుపులోని బిడ్డ మెదడులోనూ ఇదే ఏర్పాటు. అలా ఆగిన మూలకణాలు, అంటే ముందుముందు నాడీకణాలను ఇచ్చే కణాలు, విభజన చెందుతూ ఉంటాయి. పండిన వడ్లన్నీ దంపుకుని తినేయకుండా రైతు విత్తనాలు దాచుకోడూ, అలాగన్నమాట. ఎలుక పిండాల్లో నాచ్‌ని పనిచెయ్యకుండా చేస్తే మూలకణాలు తొందరపడి నాడీకణాలైపోయాయి, విత్తనాల గాదె ఖాళీ అయింది. మన తలలో ఉన్నవి సుమారు 8,600 కోట్ల నాడీకణాలు. గాదె ముందే ఖాళీ అయితే అన్ని ఎక్కణ్ణుంచి వస్తాయి?

2018లో ఇంకో సంగతి బయటపడింది. నాచ్‌కి చుట్టాలైన నాచ్2ఎన్ఎల్ అనే జన్యువులు, పనిచేసే రూపంలో, ఇప్పుడున్న జీవుల్లో మనిషికే ఉన్నాయి. చింపాంజీకి లేవు. ఆ ‘ఆగు’ అనే మాటను అవి ఇంకాస్త గట్టిగా చెప్పి, మూలకణాలను మరికొంతకాలం మూలకణాలుగానే ఉంచుతాయి. నేను పాఠం చెప్పే రోజుల్లో ఈ ముక్క తెలిసుంటే ఎంత బాగుండేదో!

అన్నట్టు, మనుషుల్లోని నాచ్ జన్యువు 1991లో దొరికింది రక్త క్యాన్సర్ కణాల్లో.

మామిడిపళ్ల కాలంలో మనవరాలి కోసం ఇప్పటికీ ఒక సీసా పెడతాను. ఆ పాఠకుడు ఇటువైపు వస్తే చూపిస్తాను. మూత తియ్యకపోతే వాసన రాదు.

— రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, తెనాలి